బేనిషాన్ అంటు నుంచి కమల వరి దాకా: జన్యు మార్పిడి వేరు, క్లోనింగ్ వేరు

క్లుప్తంగా

జన్యు మార్పిడి జీవిలో ఒక లక్షణాన్ని మారుస్తుంది, లేదా లేనిదాన్ని చేరుస్తుంది. క్లోనింగ్ ఉన్న జీవికి మార్పు లేని మరో ప్రతిని తయారుచేస్తుంది. ఒకటి మార్పు కోసం చేసే పని, మరొకటి మార్పు రాకూడదని చేసే పని. రాయలసీమకు రెండూ పాతవే. ఆదోని యార్డుకు చేరే పత్తి మొదటిదానికి, బేనిషాన్ అని పిలిచే బనగానపల్లె మామిడి, పులివెందుల అరటి రెండోదానికి ఉదాహరణలు. రెండింటిలో నష్టం వచ్చే దారులు వేరు కాబట్టి వేయాల్సిన ప్రశ్నలూ వేరు.

రెండు వరి రకాలు, ఒక పాత గందరగోళం

2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ ఢిల్లీలో రెండు కొత్త వరి రకాలను ప్రకటించారు. జన్యు సవరణ పద్ధతిలో, అంటే పరాయి జన్యువు మిగలకుండా ఉన్న జన్యువునే మార్చి, తయారైన వరి రకాలు ప్రపంచంలో ఇవే మొదటివని ప్రభుత్వం చెప్పింది. రెండింటి మూలాలూ తెలుగు నేల మీదివే. హైదరాబాద్‌లోని భారత వరి పరిశోధన సంస్థ రూపొందించిన డీఆర్‌ఆర్ ధాన్ 100కు 'కమల' అని పేరు పెట్టారు. అది సాంబ మసూరి నుంచి వచ్చింది. ఢిల్లీలోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థ రూపొందించిన డీఎస్‌టీ రైస్ 1కు మూలం మారుటేరులో పుట్టిన ఎంటీయూ 1010. సాంబ మసూరి అంటే బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో విడుదలైన బీపీటీ 5204. కేసీ కాలువ కింద మాగాణుల్లో దశాబ్దాలుగా పండుతున్న ఈ రకం, సన్న బియ్యానికి కర్నూలు, నంద్యాలలకు పేరు తెచ్చినవాటిలో ముఖ్యమైనది.

ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా హైబ్రిడ్ టమాటా, గింజలు లేని పుచ్చకాయ, టిష్యూకల్చర్ అరటి, బీటీ పత్తి, డాలీ గొర్రె, అన్నిటినీ ఒకే గాటన కట్టేయడం పరిపాటి అయింది. అన్నీ 'ల్యాబులో చేసినవే' అన్న మాట దగ్గర చర్చ ఆగిపోతుంది. దానివల్ల అనవసరమైన చోట భయం, భయపడాల్సిన చోట ఏమరుపాటు రెండూ పెరుగుతున్నాయి.

జన్యువు చేసే పని

ప్రతి జీవకణంలోనూ డీఎన్‌ఏ అనే పొడవాటి అణువు ఉంటుంది. అందులోని సమాచారం నాలుగే అక్షరాల వరుస: ఏ, టీ, జీ, సీ. వరిలో ఇలాంటి అక్షరాలు దాదాపు 40 కోట్లు, మనిషిలో 300 కోట్ల పైమాటే. ఈ వరుసలో ఒక ప్రొటీన్‌ను ఎలా తయారుచేయాలో చెప్పే భాగమే జన్యువు. ఆకు రంగు, గింజ సన్నదనం, తెగులును తట్టుకునే శక్తి వంటివి ఒక్కోసారి ఒకే జన్యువు మీద, చాలాసార్లు అనేక జన్యువుల మీద ఆధారపడతాయి.

ఈ లిపి అన్ని జీవులకూ ఒకటే. మట్టిలోని బ్యాక్టీరియా జన్యువును పత్తి మొక్కలో పెడితే పత్తి దాన్ని చదవగలదు, ఆ ప్రొటీన్‌ను తయారుచేయగలదు. జన్యు ఇంజనీరింగ్ మొత్తం ఈ ఒక్క వాస్తవం మీదే నిలబడింది.

జన్యువులున్న ఆహారం తినవచ్చా అన్న అనుమానం తరచుగా వినిపిస్తుంది. కందిపప్పులో, గోంగూరలో, కోడిమాంసంలో కోట్లాది జన్యువులు ఉంటాయి. జీర్ణాశయంలో అవన్నీ ముక్కలైపోతాయి. పరీక్షించాల్సింది కొత్తగా చేర్చిన జన్యువు తయారుచేసే ప్రొటీన్‌ను. అది విషమా, అలర్జీ కలిగిస్తుందా, మొక్కలో ఏ భాగంలో ఎంత మోతాదులో ఉంది? ఈ పరీక్ష ప్రతి రకానికీ విడిగా జరగాలి. ఒకటి సురక్షితమని తేలినంత మాత్రాన మరొకటి కూడా సురక్షితమని అనుకోలేం. ఒకటి చెడిందని అన్నిటినీ తోసిపుచ్చడానికీ వీల్లేదు.

హైబ్రిడ్‌ను జన్యు మార్పిడి అనుకోవద్దు

హైబ్రిడ్ ఎలా పుడుతుందో తెలుసుకోవడానికి నంద్యాల పరిసరాల్లోని పత్తి విత్తనోత్పత్తి పొలాన్ని చూస్తే చాలు. ఆడ మొక్కల సాళ్లు ఒక పక్క, మగ మొక్కల సాళ్లు మరో పక్క ఉంటాయి. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గలను కూలీలు మధ్యాహ్నం నుంచి వెతికి పట్టుకుంటారు. బొటనవేలి గోటితో మొగ్గ చుట్టూ గాటు పెట్టి, రేకులనూ పుప్పొడి తిత్తులనూ కలిపి ఒలిచేస్తారు. నడుమ సన్నని కీలం మాత్రం మిగులుతుంది. అది విరిగితే ఆ కాయ పోయినట్టే. మర్నాడు పొద్దున మగ మొక్క పువ్వును కోసుకొచ్చి, ఆ కీలం కొసన పుప్పొడి రుద్దుతారు. దీన్నే ఇక్కడ క్రాసింగ్ పని అంటారు. ప్యాకెట్టులోకి వచ్చే ప్రతి గింజ వెనుకా ఇంత చేతి పని ఉంది. ఈ పని కోసం ఆడపిల్లలను బడి మాన్పించడం ఉమ్మడి కర్నూలు జిల్లాలో ఏళ్ల తరబడి సాగిన అన్యాయం. విత్తన సాంకేతికత గురించి మాట్లాడేటప్పుడు దాన్ని పక్కన పెట్టడం సరికాదు.

ఇలా రెండు రకాలను కలపడం సంకరం. ఇందులో బయటి జీవి జన్యువు ఏదీ రాదు. పత్తికొండ, మదనపల్లె మార్కెట్లకు వచ్చే గట్టి తోలు హైబ్రిడ్ టమాటా ఇలాంటిదే. కడప, అనంతపురం తోటల్లోని రెడ్ లేడీ బొప్పాయి కూడా సంకర రకమే. గింజలు లేని పుచ్చకాయలో ప్రతి క్రోమోజోముకూ రెండుకు బదులు మూడు ప్రతులు ఉండటం వల్ల గింజ కట్టదు. అందులోనూ జన్యు మార్పిడి లేదు. అనంతపురం చేలల్లో కనిపించే కదిరి-6, కదిరి లేపాక్షి వేరుశనగ రకాలు కదిరి పరిశోధన కేంద్రంలో సంప్రదాయ ప్రజననంతో వచ్చినవి. మన దేశంలో వాణిజ్య సాగుకు అనుమతి పొంది రైతుల పొలాల్లో ఉన్న జన్యు మార్పిడి పంట పత్తి ఒక్కటే.

హైబ్రిడ్ గింజలను దాచి మరుసటి ఏడు నాటితే పంట సమంగా రాదు. తల్లిదండ్రుల లక్షణాలు రెండో తరంలో విడిపోయి, ఒక్కో మొక్క ఒక్కోలా పెరుగుతుంది. దీనికీ 'టెర్మినేటర్' జన్యువుకూ సంబంధం లేదు. విత్తనం మొలకెత్తకుండా చేసే ఆ పద్ధతికి 1998లో అమెరికాలో పేటెంట్ వచ్చిన మాట నిజం. అది మార్కెట్లోకి మాత్రం రాలేదు. వేరుశనగ తనలో తానే ఫలదీకరణ చెందే పంట కాబట్టి రైతు విత్తనకాయను దాచుకోగలడు. హైబ్రిడ్ పత్తి రైతుకు ఆ వెసులుబాటు లేదు. ఏటా కొనక తప్పని పరిస్థితికి కారణం బీటీ జన్యువు కన్నా ముందు హైబ్రిడ్ విధానమే.

ఒకే వరి, మూడు దారులు

పద్ధతుల మధ్య తేడా తెలియాలంటే సాంబ మసూరి చరిత్రను మించిన ఉదాహరణ దొరకదు.

మొదటి దారి సంప్రదాయ ప్రజననం. వేర్వేరు రకాలను కలిపి, తరతరాలుగా మంచి మొక్కలను ఏరి బాపట్ల శాస్త్రవేత్తలు బీపీటీ 5204ను తయారుచేశారు. అన్నం రుచికి పేరొచ్చింది. బ్యాక్టీరియా ఎండాకు తెగులుకు మాత్రం లొంగిపోయేది.

రెండో దారిలో హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం (సీసీఎంబీ), వరి పరిశోధన సంస్థ కలిసి నడిచాయి. ఆ తెగులును తట్టుకునే మూడు జన్యువులున్న వరిని సాంబ మసూరితో సంకరం చేశారు. పుట్టిన మొక్కల్లో ఆ జన్యువులు ఎక్కడ చేరాయో డీఎన్‌ఏ గుర్తుల సాయంతో చూసి ఏరుకున్నారు. ఆ పైన మళ్లీ మళ్లీ సాంబ మసూరితోనే కలుపుతూ మిగతా లక్షణాలు చెదరకుండా కాపాడారు. 2008లో విడుదలైన మెరుగుపరచిన సాంబ మసూరి ఇలా వచ్చింది. ఇక్కడ ప్రయోగశాల ఏరివేతకు సాయపడింది, జన్యువును కోయలేదు, అతికించలేదు.

మూడో దారి కమల. 2012లో జెన్నిఫర్ డౌడ్నా, ఇమాన్యుయెల్ షార్పెంటియర్ చూపిన క్రిస్పర్ పద్ధతికి 2020లో రసాయన శాస్త్ర నోబెల్ దక్కింది. డీఎన్‌ఏలో ఎంచుకున్న చోటికి వెళ్లి కోసే ఎంజైమ్, ఆ చోటును గుర్తుపట్టే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క, ఈ రెండే అందులోని పనిముట్లు. కోత పడ్డ చోట కణం తనంతట తాను అతుకు వేసుకునేటప్పుడు కొన్ని అక్షరాలు రాలిపోతాయి, లేదా చేరతాయి. దాంతో ఆ జన్యువు పని తగ్గుతుంది. వరి వెన్నులో గింజల సంఖ్యను పెంచే సైటోకైనిన్ అనే హార్మోనును విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటుంది. కమలలో దాని జన్యువును ఇలా బలహీనపరిచారు. హార్మోను నిలిచింది, గింజలు పెరిగాయి. కోతకు వాడిన పనిముట్ల జన్యువులు తర్వాతి తరాల్లో లేని మొక్కలనే ఏరుకుంటారు కాబట్టి చివరి విత్తనంలో పరాయి జన్యువు ఉండదు.

సాంబ మసూరి కన్నా 19 శాతం ఎక్కువ దిగుబడి, దాదాపు 20 రోజుల ముందు కోత అని ప్రభుత్వ ప్రకటన చెబుతోంది. సుంకేసుల దగ్గర మొదలయ్యే కేసీ కాలువలో నీరు చివరి ఆయకట్టు దాకా చేరడం ఎంత కష్టమో కడప వైపు రైతులకు తెలుసు. 20 రోజుల నీటి తడులు మిగిలితే అది చిన్న లాభం కాదు. ఆ అంకెలు కాలువ చివరి భూముల్లోనూ, బోర్ల కిందా నిలబడతాయా అన్నది స్థానిక పొలాల్లో వరుసగా కొన్ని సీజన్లు పండించి చూస్తేనే తేలుతుంది.

విమర్శకుల అభ్యంతరాల్లోనూ పస ఉంది. క్రిస్పర్ అనుకున్న చోట కాకుండా పోలిక ఉన్న మరో చోట కోసే అవకాశం ఉంటుంది. దాన్ని మొత్తం డీఎన్‌ఏ చదివి పట్టుకోవచ్చు. ఆ పరీక్షల వివరాలు ప్రజల ముందు ఉంచాలన్న కోరిక న్యాయమైనది.

బీటీ పత్తి దెబ్బతిన్న చోటు

2002 మార్చిలో కేంద్రంలోని జన్యు ఇంజనీరింగ్ అనుమతుల కమిటీ మూడు బీటీ పత్తి హైబ్రిడ్లకు అనుమతి ఇచ్చింది. బాసిల్లస్ థురింజియెన్సిస్ అనే మట్టి బ్యాక్టీరియాలోని ఒక జన్యువు వాటిలో ఉంది. అది తయారుచేసే ప్రొటీన్ కాయతొలుచు పురుగు కడుపులోని క్షార గుణంలో కరిగి, పేగు గోడ మీది ప్రత్యేక స్థానాలకు అంటుకుని రంధ్రాలు చేస్తుంది. పురుగు తినడం మాని చస్తుంది. మనిషి, పశువుల కడుపులో ఆమ్ల గుణం ఎక్కువ, ఆ అతుక్కునే స్థానాలూ ఉండవు. 2006లో రెండు జన్యువులున్న బోల్‌గార్డ్-2 వచ్చింది. పదేళ్లు తిరిగేసరికి దేశంలో పత్తి సాగులో 90 శాతానికి పైగా బీటీయే.

శనగపచ్చ పురుగు మీద మందు కొట్టే అవసరం మొదట్లో బాగా తగ్గింది. ఆ లాభాన్ని కాదనలేం. తామర పురుగులు, పచ్చదోమ, తెల్లదోమ వంటి రసం పీల్చే పురుగుల మీద బీటీ పనిచేయదు, వాటికి మందు ఖర్చు కొనసాగింది. అసలు దెబ్బ మాత్రం గులాబీ రంగు పురుగు నుంచి వచ్చింది. 2014-15 నాటికి గుజరాత్‌లో అది బోల్‌గార్డ్-2నూ తట్టుకుంది. కొద్ది ఏళ్లలోనే ఆంధ్ర, తెలంగాణ, మహారాష్ట్ర పత్తి చేలను కమ్మేసింది.

ఇలా ఎందుకు జరిగిందో అర్థం చేసుకోవడం ముఖ్యం, ఎందుకంటే రేపు వచ్చే ఏ జన్యు మార్పిడి పంటకైనా ఇదే ప్రశ్న ఎదురవుతుంది. చేనంతా బీటీ ఉంటే దాన్ని తట్టుకునే అరుదైన పురుగులే మిగులుతాయి, అవే తమలో తాము జతకట్టి సంతతిని పెంచుతాయి. పక్కన మామూలు పత్తి కొంత ఉంటే అక్కడ బతికిన సాధారణ పురుగులు వాటితో జతకట్టి ఆ తట్టుకునే గుణాన్ని పలచన చేస్తాయి. ఇందుకే బీటీ ప్యాకెట్టుతో పాటు నాన్ బీటీ విత్తనాల చిన్న ప్యాకెట్టు ఇచ్చి, చేను చుట్టూ నాటమన్నారు. పురుగుకు మేతగా కొంత పంట వదులుకోమని అడిగారే తప్ప, ఎందుకో సరిగా చెప్పినవారు తక్కువ. చాలా చోట్ల ఆ ప్యాకెట్టు పొలం దాకా వెళ్లనేలేదు. తప్పంతా రైతు మీద మోపడం అన్యాయం. తర్వాత రెండింటినీ ఒకే ప్యాకెట్టులో కలిపి ఇవ్వడం మొదలుపెట్టారు.

శనగపచ్చ పురుగు విషయంలో రాయలసీమ నల్లరేగడి నేలలు తెలియకుండానే మేలు చేశాయి. అది శనగ, కంది మీద కూడా బతుకుతుంది. కర్నూలు, కడప జిల్లాల్లో వేల ఎకరాల శనగ ఉంది. అక్కడ పెరిగే పురుగులకు బీటీ తగలదు కాబట్టి తట్టుకునే గుణం పలచబడుతూ వచ్చింది. గులాబీ పురుగుకు పత్తి తప్ప చెప్పుకోదగ్గ మేత లేదు. దానికి ఆశ్రయం ఇచ్చే మరో పంట చుట్టుపక్కల లేకపోయింది.

మన దేశపు ప్రత్యేక పొరపాటు మరొకటి. అమెరికా, చైనా, ఆస్ట్రేలియాల్లో బీటీ ఎక్కువగా సూటి రకాల్లో, అంటే హైబ్రిడ్ కాని రకాల్లో ఉంది. ఇక్కడ హైబ్రిడ్లలో పెట్టారు. హైబ్రిడ్ మొక్కకు బీటీ జన్యువు సాధారణంగా ఒక్క తల్లి వైపు నుంచో తండ్రి వైపు నుంచో వస్తుంది. అందువల్ల దాని కాయలో పెరిగే గింజల్లో దాదాపు నాలుగింట ఒక వంతుకు ఆ జన్యువు ఉండదు. గులాబీ పురుగు తినేది గింజనే. ఒకే కాయలో మందు ఉన్న గింజ, లేని గింజ, సగం ఉన్న గింజ అందుబాటులో ఉంటే పురుగు చావకుండా అలవాటుపడే అవకాశం పెరుగుతుంది. దీనికి తోడు నీళ్లున్న చోట పంటను ఫిబ్రవరి, మార్చి దాకా పొడిగించడంతో పురుగుకు మేత తెగకుండా అందింది. బీటీ ప్రొటీన్ చెప్పిన పని చేసింది. దాన్ని ప్రవేశపెట్టిన తీరు, వాడిన తీరు కలిసి దాని ఆయుష్షును తగ్గించాయి.

తక్కువ కాలంలో చేతికొచ్చే రకాలు, డిసెంబరు కల్లా పత్తి మోళ్లు తీసేయడం, లింగాకర్షక బుట్టలు, జిన్నింగ్ మిల్లుల దగ్గర పురుగు నియంత్రణ, ఇప్పుడు శాస్త్రవేత్తలు చెబుతున్న మార్గాలు ఇవే. కలుపుమందును తట్టుకునే, అనుమతి లేని పత్తి గింజలు కొన్నేళ్లుగా దొంగచాటుగా తిరుగుతున్నాయి. కలుపు కూలి భారమై కొనేవారి ఇబ్బంది అర్థం చేసుకోదగ్గదే. పరీక్ష, బిల్లు, హామీ ఏదీ లేని గింజ మొలవకపోతే నష్టపరిహారం అడగడానికి కూడా దారి ఉండదని మాత్రం తెలిసి ఉండాలి.

చెప్పుకోని విషయం ఒకటుంది. పత్తి గింజల నూనె వంటల్లోకి, పత్తి చెక్క పశువుల దాణాలోకి ఏళ్లుగా చేరుతూనే ఉన్నాయి. జన్యు మార్పిడి ఆహార గొలుసులోకి ఇంకా రాలేదని ఎవరైనా అంటే ఆ మాట వాస్తవానికి దూరం.

బనగానపల్లెలో క్లోనింగ్

బేనిషాన్ టెంక నాటితే బేనిషాన్ రాదు. ఏదో ఒక మామిడి వస్తుంది. టెంకలోని పిండంలో సగం జన్యువులు పరాగం మోసుకొచ్చిన వేరే చెట్టువి. అందుకే నర్సరీల్లో ఏదో ఒక నాటు మామిడి టెంకను మొలిపించి, పెన్సిలంత కాండం అయ్యాక, మంచి బేనిషాన్ చెట్టు కొమ్మ కొసను ఏటవాలుగా చెక్కి, మొలక కాండానికి అదే కొలతలో చెక్కిన చోట ఆనించి, ప్లాస్టిక్ పట్టీతో గాలి దూరకుండా బిగిస్తారు. లోపలి పచ్చని పొరలు ఒకదానికొకటి తగలాలి, లేకపోతే అంటు పట్టదు. పట్టిన తర్వాత పైన పెరిగే చెట్టంతా ఆ పాత చెట్టు జన్యువులే. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బనగానపల్లె మామిడి చెట్లన్నీ ఇలా ఒక చెట్టుకు ప్రతులే. క్లోన్ అంటే ఇదే. అనంతపురం చీనీ (బత్తాయి) తోటల్లో రంగపూర్ నిమ్మ మీద కట్టే కన్ను అంటు కూడా ఇదే పని చేస్తుంది. శతాబ్దాల నాటి ఈ విద్యకు క్లోనింగ్ అన్న పేరు మాత్రం కొత్త.

అరటి ఇందులో మరో మెట్టు ఎక్కింది. తినే అరటికి గింజలు ఉండవు కాబట్టి పిలకలతోనే పెంచాలి. పిలక దుంపలోని మొవ్వు నుంచి చిన్న ముక్క తీసి, క్రిములు లేకుండా కడిగి, సీసాలో పోషకాలు, హార్మోన్లు కలిపిన జిగురు మీద ఉంచితే అది ఒకటి రెండై, రెండు నాలుగై పెరుగుతుంది. వేర్లు వేసిన తర్వాత నీడ వలల కింద గట్టిపరచి రైతుకు ఇస్తారు. పులివెందుల, నార్పల, పుట్లూరు వైపు తోటల్లోని జీ-9 ఇలా వచ్చిన టిష్యూకల్చర్ మొక్కే. ఇందులో ఏ జన్యువునూ మార్చరు. తోటంతా ఒకే ఈడు, ఒకే ఎత్తు, ఒకేసారి కోత. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబయి జవహర్‌లాల్ నెహ్రూ రేవుకు అరటి కంటెయినర్ల ప్రత్యేక రైలు బయలుదేరడానికి ఈ సమానత్వమే వీలు కల్పించింది.

ఆ సమానత్వంలోనే ప్రమాదం కూడా ఉంది. అన్ని మొక్కలూ ఒకటే అయినప్పుడు ఒకదాన్ని చంపే తెగులు అన్నిటినీ చంపుతుంది. గత శతాబ్దం నడిమి దాకా ప్రపంచ ఎగుమతి మార్కెట్‌ను ఏలిన గ్రో మిచెల్ అరటి పనామా తెగులు అనే వేరు ఫంగస్‌కు తుడిచిపెట్టుకుపోయింది. దాన్ని తట్టుకునే కావెండిష్ రకం దాని స్థానంలోకి వచ్చింది. జీ-9 ఆ కుటుంబానిదే. ఇప్పుడు టీఆర్4 అనే కొత్త ఫంగస్ కావెండిష్‌నూ ఎండబెడుతోంది. మన దేశంలో బిహార్, ఉత్తరప్రదేశ్‌లలో అది కనిపించింది. మట్టిలో దశాబ్దాలు బతికే ఈ ఫంగస్‌ను చంపే మందు లేదు. బూట్లకు, పిలకలకు, ట్రాక్టరు చక్రాలకు అంటిన మట్టితోనే అది పాకుతుంది. కడప, అనంతపురం అరటికి అతి పెద్ద ముప్పు ఇదే అని చెప్పడం అతిశయోక్తి కాదు.

జన్యు మార్పిడి, క్లోనింగ్ కలిసే చోటు కూడా ఇదే. అడవి అరటిలోని ఒక నిరోధక జన్యువును కావెండిష్‌లో చేర్చి తయారుచేసిన క్యూక్యావ్-4 రకానికి ఆస్ట్రేలియా 2024 ఫిబ్రవరిలో అనుమతి ఇచ్చింది. మామూలు ప్రజననానికి గింజలు కావాలి, అవి అరటిలో లేవు. కాబట్టి అరటి విషయంలో జన్యు మార్పిడికి ఉన్న వాదన పత్తి, వంకాయ కన్నా బలమైనది.

డాలీ నుంచి గరిమ దాకా

మొక్కలో చిన్న ముక్క నుంచి పూర్తి మొక్క మళ్లీ రాగలదు. జంతువులో అలా కుదరదు. పాడి గేదె చర్మ కణం చర్మ కణంగానే ఉంటుంది. ఆ కణానికి మళ్లీ పిండంగా మారే శక్తి తెప్పించడమే జంతు క్లోనింగ్‌లో అసలు కష్టం. 1996 జూలై 5న స్కాట్లాండ్‌లోని రోజ్లిన్ సంస్థలో పుట్టిన డాలీ దీన్ని సాధ్యం చేసి చూపింది. ఆరేళ్ల గొర్రె పొదుగు కణాన్ని, కేంద్రకం తీసేసిన మరో గొర్రె అండం పక్కన ఉంచి, రెండింటినీ విద్యుత్ తాకిడితో కలిపారు. 277 సార్లు ఇలా కలిపితే 29 పిండాలు పెరిగాయి, పుట్టింది ఒకే ఒక్క గొర్రె. ఊపిరితిత్తుల కణితితో బాధపడటంతో 2003 ఫిబ్రవరిలో దానికి కారుణ్య మరణం ప్రసాదించారు.

కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థ 2009లో గేదె క్లోన్ తీసింది. మొదటి దూడ వారం తిరగకుండానే న్యుమోనియాతో చనిపోయింది. అదే ఏడాది జూన్‌లో పుట్టిన గరిమ రెండేళ్లకు పైగా బతికింది. 2010లో పుట్టిన గరిమ-2 పెరిగి పెద్దదై, 2013 జనవరిలో మహిమ అనే దూడను ఈనింది. 2023 మార్చిలో అక్కడే గంగ అనే గిర్ ఆవు క్లోన్ పుట్టింది. మేలైన ఆబోతుల వీర్యాన్ని పెంచుకోవడం ఈ పరిశోధనల ఉద్దేశం. పిండ మార్పిడితో పుట్టే దూడలను క్లోన్లు అనడం పొరపాటు. వాటికి తల్లీ తండ్రీ ఇద్దరి జన్యువులూ ఉంటాయి.

జంతు క్లోన్ అచ్చుగుద్దినట్టు ఉంటుందన్న నమ్మకం కూడా సరైనది కాదు. 2001లో అమెరికాలో పుట్టిన సీసీ అనే పిల్లి తన మూల పిల్లి మచ్చలతో పుట్టలేదు. ఏ జన్యువు ఏ కణంలో పనిచేయాలన్నది గర్భంలో కొంత యాదృచ్ఛికంగా తేలుతుంది. అండంలో కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా అనే భాగాల డీఎన్‌ఏ వేరే జీవిది. చనిపోయిన మనిషిని క్లోనింగ్‌తో తిరిగి తేవచ్చన్న ఊహకు అందుకే ఆధారం లేదు. క్లోన్ పుట్టినా అది ఆలస్యంగా పుట్టిన కవల మాత్రమే, జ్ఞాపకాలు జన్యువుల్లో ఉండవు. మానవ క్లోన్ పుట్టినట్టు నిరూపణ అయిన సందర్భం ఒక్కటీ లేదు. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాలు దాన్ని నిషేధించాయి. మనుషుల పిండాల్లో జన్యు సవరణ చేసి 2018లో పిల్లలు పుట్టారని ప్రకటించిన చైనా శాస్త్రవేత్త హె జియాన్‌కుయికి అక్కడి కోర్టు మూడేళ్ల జైలుశిక్ష విధించింది.

మందుల షాపులో

పొలంలో ఇంత వివాదం ఉన్న ఈ సాంకేతికత వైద్యంలో దాదాపు వివాదం లేకుండా చేరిపోయింది. మానవ ఇన్సులిన్ జన్యువును బ్యాక్టీరియాలో పెట్టి తయారుచేసిన మందుకు 1982లో అమెరికా అనుమతి ఇచ్చింది. అంతకుముందు పందులు, పశువుల క్లోమం నుంచి తీసేవారు. హైదరాబాద్‌లో వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో ఈస్ట్ కణాల్లో తయారుచేసిన హెపటైటిస్-బి టీకాతో, దిగుమతి టీకా కొనలేని కుటుంబాలకు కూడా అది అందుబాటులోకి వచ్చింది. ఇక్కడ జన్యువు మార్చిన సూక్ష్మజీవి ట్యాంకు దాటి బయటకు రాదు. లాభం పొందే రోగి కళ్ల ముందే ఉంటాడు. పొలంలో గాలికీ తేనెటీగకూ గేటు ఉండదు. వివాదంలో తేడాకు ఇది ప్రధాన కారణం.

విత్తనం మీద హక్కు ఎవరిది

బీటీ పత్తి తొలి ఏళ్లలో 450 గ్రాముల ప్యాకెట్టు 1,600 రూపాయలకు పైనే పలికేది. అందులో పెద్ద భాగం జన్యువు కోసం చెల్లించే రుసుమే. 2006లో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఈ రుసుము మీద గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్‌కు ఫిర్యాదు చేసి, ప్యాకెట్టు ధరను 750 రూపాయలకు దించింది. జన్యువు మంచిదా చెడ్డదా అన్న వాదనలో పడి ధర గురించి అడగకపోతే ఏమవుతుందో, అడిగితే ఏమవుతుందో ఆ రెండు అంకెల తేడాలో కనిపిస్తుంది.

అనుమతుల విషయంలో దేశం ఇంకా ఒక తీరుకు రాలేదు. 2010 ఫిబ్రవరిలో అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ బీటీ వంకాయను నిలిపివేశారు. ఆ తర్వాత కొన్నేళ్లకే బంగ్లాదేశ్ సాగు మొదలుపెట్టింది. జన్యు మార్పిడి ఆవాలకు 2022 అక్టోబరులో వచ్చిన అనుమతిపై 2024 జూలైలో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులు భిన్న తీర్పులు ఇచ్చారు. జాతీయ విధానం తయారుచేయాలన్న విషయంలో మాత్రం ఇద్దరూ ఏకీభవించారు. పరాయి జన్యువు మిగలని జన్యు సవరణ పంటలకు 2022 మార్చిలోనే కేంద్రం ఈ కఠిన నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చింది. కమల వేగంగా బయటకు రావడానికి అదే కారణం.

కొనేటప్పుడు చూడాల్సినవి పెద్ద జాబితా ఏమీ కాదు. పత్తి ప్యాకెట్టు మీద జన్యువు పేరు, లాట్ నంబరు, గడువు, చేతిలో బిల్లు. టిష్యూకల్చర్ అరటి మొక్కకైతే వైరస్ పరీక్ష జరిగినట్టు కేంద్ర బయోటెక్నాలజీ విభాగం ధ్రువీకరణ గుర్తు. తల్లి మొక్కలో వెర్రితల వైరస్ ఉంటే సీసాలో అది కూడా వేలుగా పెరుగుతుంది.

వరి విషయంలో మాత్రం అసలు ప్రశ్న ఇంకా తేలలేదు. వరి వేరుశనగలా స్వపరాగ సంపర్క పంట, రైతు విత్తనం దాచుకోగలడు. పొరుగువారికి ఇచ్చుకోగలడు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం ఆ హక్కును గుర్తించింది. క్రిస్పర్ మీద పేటెంట్లు విదేశీ సంస్థల చేతుల్లో ఉన్నాయి. ఆ లైసెన్సు షరతులు ఏమిటో, దాచుకున్న గింజ మీద వాటి ప్రభావం ఎంతో విత్తనం దుకాణానికి చేరకముందే ప్రభుత్వం స్పష్టంగా, తెలుగులో, రైతుకు అర్థమయ్యేలా ప్రకటించాలి.